సాయమ్మ చీటీల కట్ట

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక ఎండాకాలంలో నన్ను శేరిలింగంపల్లి మండలానికి డెప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నేను పాత పత్రాల భద్రశాలలో సీనియర్ ఆర్కైవిస్టును. ఊళ్లన్నీ అపార్ట్‌మెంట్లు అయిపోయేలోగా, ఇళ్లల్లో మిగిలిన కుటుంబ, వ్యాపార, కోర్టు కాగితాలకు జాబితా రాయడం నా పని.

గోపన్‌పల్లి అవతల, అద్దాల ఆఫీసు భవనం వెనక, పాత బొందలగడ్డ ముక్క ఒకటి మిగిలింది. ఎవరో మట్టి పోసి చదును చేయడంతో సమాధి గుర్తులన్నీ పోయాయి. దాని మీదుగా రోడ్డు వస్తోంది. వారంలోగా స్థలం చూపించినవాళ్లు తమవాళ్ల ఎముకలు తీసుకెళ్లవచ్చని తహసీల్దారు చెప్పారు. చూపించగలిగింది సాయమ్మ ఒక్కతే. ఎవరిని ఎక్కడ పూడ్చాలో చెప్పడం తాతల నాటి నుంచీ వాళ్లింటి పని. పదేళ్లకే పోయిన ఆమె కూతురు అనిత కూడా అక్కడే ఉంది.

ఆమె దగ్గర గుడ్డలో కట్టిన చీటీల కట్ట ఉంది. మనిషికొక చీటీ, దాని మీద పేరూ పోయిన రోజూ. తాతా తండ్రీ పెళ్లిపత్రికల వెనక, నోటుబుక్కు ముక్కల మీద రాసినవి. ఆమెకు చదువు రాదు. మొదటిరోజు నేను ఒక్కో చీటీ చదువుతుంటే, ఆమె ఒక్కో అడుగు వేసి నేల చూపించింది.

"మల్లమ్మ ఈడున్నది. జర పక్కకు జరుగు సారూ, ఆమె మీద నిలబడ్డవ్."

పట్టపగలు, పక్క ఆఫీసు క్యాంటీన్‌లో కుర్ర ఉద్యోగుల నవ్వులు వినిపిస్తుండగా, నాకు ఒళ్లు జలదరించింది. మాతో వచ్చిన సర్వేయరు పన్నెండు చోట్ల గుర్తుగా సున్నం వేశాక ఎండకు తాళలేక ఆపేశాం. ఈమెకు ఎంత జ్ఞాపకశక్తి అని ముచ్చటపడ్డాను కూడా.

జాబితాలో ఎక్కించడానికి, రసీదు రాసిచ్చి కట్ట ఆఫీసుకు తెచ్చాను. చీటీలన్నీ తేదీల ప్రకారం సర్దాను. మధ్యమధ్య ఏమీ రాయని చీటీలుంటే తీసి పారేశాను. ఆ సాయంత్రం నా పనితనం చూసి నేనే మురిసిపోయాను.

మర్నాడు మిగిలినవి చదవడం మొదలుపెట్టాను. సాయమ్మ అడుగు వేసి ఆగింది.

"ఈయన ఈడ లేడు సారూ."

ఇంకోటి చదివాను.

"ఈమె గూడ లేదు."

మూడోదానికీ అదే మాట అనేసరికి ఆగి, సాయమ్మను అడిగాను. చీటీల వరుసే ఆ గడ్డకు పటం. గేటు నుంచి చీటీకొక అడుగు. ఖాళీ చీటీ వస్తే కొత్త వరుస. కొత్తగా ఎవరినైనా పూడిస్తే, పక్క సమాధి చీటీ వెనకే వాళ్ల చీటీ దోపేవారట. ఆమెకు జ్ఞాపకం ఉన్నది ఆ పద్ధతి మాత్రమే. పక్కపక్కన రాకూడని పేర్లు వస్తే పోల్చగలదు గానీ, ఎవరు ఎక్కడున్నారో చెప్పలేదు.

"మంచిగనే సర్దినవ్ సారూ," అంది సాయమ్మ. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

తర్వాత ఆమె గడ్డంతా తిరిగింది. అడుగు అడుగుకీ వంగి, "అనితా," అని పిలిచి, చెవి నేలకు ఆనించి కాసేపు ఆగేది. సర్వేయరూ నేనూ పక్కన నిలబడ్డాం. ఆమె వింటున్నంతసేపూ మేమూ విన్నాం. చివరికి లేచి, "ఏడని తవ్విస్తం ఇగ," అని కొంగు దులుపుకుంది.

పన్నెండు మందిని వాళ్లవాళ్లు తీసుకెళ్లారు. మిగిలినవాళ్ల మీద రోడ్డు పడింది.

కట్ట విప్పకముందే, ఉన్న వరుసలోనే ప్రతి కాగితానికీ, ఖాళీదైనా సరే, పెన్సిల్‌తో అంకె వేయాలి. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నాకు చెప్పిన నియమం అది. సాయమ్మ కట్టకు నేను వేయలేదు.