ఒక దెబ్బ ఎక్కువ పడిన వెండి కప్పు

దయ్యాలు, పూనకాలు అంటే మొహం మీదే నవ్వేసే మనిషిని నేను. అమెరికాలో, చాండ్లర్‌లోని కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో లోపాలు పట్టుకోవడం నా ఉద్యోగం. మైక్రోస్కోప్‌లో కనబడితే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అందుకే ఇది చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది.

మా పక్కింటి లిడియా గారు రష్యా నుంచి వచ్చిన మనిషి. ఎనభై దాటాయి. ఇల్లు అమ్మేసి సీనియర్ హోమ్‌కి వెళ్లిపోతున్నారు. ఆవిడ దగ్గర అచ్చం ఒకేలాంటి పాత వెండి కప్పులు నాలుగున్నాయి. వాటిలో ఒక్కటి వాళ్ల తాతగారు స్వయంగా చేసింది. మూడు మనవలకిచ్చేసి, ఆ ఒక్కటి తనతో తీసుకెళ్లాలని ఆవిడ కోరిక. నాలుగింటిలో అది ఏదో చెప్పగలిగిన వాళ్లమ్మ పోయి చాలా ఏళ్లయింది.

ముద్రలు చూస్తే తెలియదా అన్నాను, పెద్ద తెలిసినట్టు. ఆవిడ భూతద్దం ఇచ్చి ఓపిగ్గా చూపించారు. కుడివైపు చూస్తున్న ఆడమనిషి తల ప్రభుత్వం వేసిన ముద్ర. పక్కన 84, అంటే తొంభై ఆరు పాళ్లలో ఎనభై నాలుగు వెండి. ఆ పక్కన తయారీదారుడి రెండక్షరాలు. బియ్యపు గింజంత చోటులో ఎంత ముచ్చటైన పనితనమో! తీరా చూస్తే ఆ అక్షరాలు కార్ఖానా యజమానివి. సుత్తి పట్టిన పనివాడి పేరు ఎక్కడా ఉండదు. నాలుగింటి మీదా అవే అక్షరాలు.

ఆరు నెలలుందామని ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్య కంసాలి ఇంటి బిడ్డ. పెళ్లయ్యేదాకా వాళ్ల నాన్న కుంపటి పక్కనే పెరిగారు. ఓ శనివారం మధ్యాహ్నం వెంటబెట్టుకెళ్లాను. నాలుగింటిలో ఒకటి వాళ్ల తాతది అని మాత్రమే చెప్పాను.

అత్తయ్య ముద్రల వంక చూడనైనా లేదు. కళ్లు మూసుకుని కప్పుల లోపల బొటనవేలితో తడిమారు. మూడోది పట్టుకుని వదల్లేదు.

“ఇదేనే అమ్మాయ్. ఈయనకి చెవుడు. వినబడేవాడు సుత్తి మోత మారగానే ఆపేస్తాడు. ఈయన ప్రతిచోటా ఓ దెబ్బ ఎక్కువేశాడు. పక్కన చిన్నపిల్ల కూర్చుని, చాలు నాన్నా అని భుజం తట్టేది. పాపం, దానికీ నిద్రొచ్చేది.”

నాకు ఒళ్లు మండింది. అసలే దిగులుగా ఉన్న పెద్దావిడ ముందు ఈ కథలేంటి? అయినా ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. లిడియా గారు కుర్చీ లాక్కుని అత్తయ్య ఎదురుగా కూర్చున్నారు. తాతగారికి పుట్టుచెవుడట. ఎనిమిదేళ్లప్పుడు ఆయన భుజం తట్టే పని వాళ్లమ్మదట. తట్టడం మరిచి నిద్రపోయేదాన్నని నవ్వుతూ చెప్పేవారట. ఈ సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదన్నారు.

భూతద్దంతో నాలుగూ గంటసేపు చూశాను. ఆ ఎక్కువ దెబ్బ నాకు కనబడలేదు. సరే, అత్తయ్య వేలికి అందిందనుకుందాం, ఆ వేలికి దండం పెట్టాలి. మరి ఆ పిల్ల?

లిడియా గారు కప్పుని గుండెకి హత్తుకుని రష్యన్‌లో ఏదో గొణిగారు. అత్తయ్య లేచి ఆవిడ భుజం తట్టి, “చాలమ్మా, ఇదొక్కటి చాలు” అన్నారు.

ఏమన్నారని లిడియా గారు నన్నడిగారు. చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది. అన్నీ వదిలేసి పోతున్నాను, నువ్వొక్కదానివి చాలుతావా అని కప్పుని అడిగారట.

అత్తయ్యకి రష్యన్ కాదు కదా, ఇంగ్లీషే రాదు. ఇంటికొచ్చాక, మీకెలా తెలిసింది అత్తయ్యా అని నిలదీశాను.

“అదేంటే, ఆవిడ తెలుగులోనే కదా అడిగింది” అన్నారు.

నేను పక్కనే ఉన్నాను. నేను విన్నది తెలుగు కాదు. అంతకుమించి నాకేమీ తెలియదు.