నొక్కాక ఆగి తీసే కెమెరా

మొన్న మా చీరల కొట్టుకి పెళ్ళి బట్టల కోసం ఒక కుటుంబం వచ్చింది. తల్లీ పెద్దమ్మా చీరల గుట్టలో మునిగిపోయి ఉంటే, వాళ్ళ కాలేజీ అమ్మాయి విసుగ్గా ఒక మూల కూర్చుని సంచీలోంచి వెండిరంగు డబ్బీ ఒకటి తీసింది. 'టిరిలింగ్' అని చిన్న పాట, వెంటనే 'జుయ్య్' అని దాని ముక్కు ముందుకు సాగిన చప్పుడు. నా చేతిలో మడత పెడుతున్న పట్టుకొంగు జారిపోయింది. పాత డిజిటల్ కెమెరా అది. ఇప్పటి పిల్లలకు మళ్ళీ వాటి మీద మోజట. ఫోనులో మొహాలు మరీ నున్నగా వస్తున్నాయట. "మావయ్య ఇంటి అటక మీద దొరికింది ఆంటీ" అని ఆ పిల్ల మురిసిపోతోంది. నాకు మాత్రం ఆ చప్పుడు చెవిన పడగానే వేయించిన జీలకర్ర వాసన ముక్కుకి తగిలింది. అది సింహాచలం పిన్ని వంటింటి వాసన.

నేను పెళ్ళయి శ్రీకాకుళం వైపు నుంచి జంషెడ్‌పూర్ వచ్చేసరికి, స్టేషను వెనక రైల్వే క్వార్టర్లలో మా గోడకి అవతలి ఇల్లు పిన్నిది. చుట్టరికం ఏమీ లేదు, నేనే కలిపేసుకున్నాను. బాబాయ్ గూడ్సు బండి గార్డు, మా ఆయన ఇంజను మీద డ్యూటీ. ఇద్దరిళ్ళలోనూ మగవాళ్ళు పట్టాల మీద, ఆడవాళ్ళు గోడకి చెరో పక్క. పిన్ని పొడుగాటి మనిషి, గరుకు గొంతు. నేను నోరు తెరిస్తే కోతలు కోస్తానని పుట్టింట్లో అందరూ కసిరేవాళ్ళు. అది నిజమే. కోయకుండా ఉండలేను. కొత్తలో ఒకరోజు గోడ దగ్గర నిలబడి, దల్మా కొండ దిగి వచ్చిన ఏనుగు మాంగో వంతెన మీద మా ఆటో ఆపిందని పిన్నికి చెప్పాను.

"ఆపి ఏటన్నాది?" అంది పిన్ని, చేటలో బియ్యం ఏరుతూనే.

"ఆటో సాక్చీ బజారుకి వెళ్తుందా అని డ్రైవరుని అడిగింది పిన్నీ."

ఆవిడ మొహంలో నవ్వు లేదు, కోపం లేదు. "ఎక్కించుకున్నాడా మరి?"

నేను అంతదూరం ఆలోచించుకోలేదు. "లేదు" అన్నాను తడబడి.

"మరేటయ్యింది దానికి? వంతెన మీదే ఒగ్గీసి వచ్చీసినావేటే? తెచ్చినదానివి నువ్వే కదా. దానికి మేతెట్టి, కొండకి పంపీసి, అప్పుడెళ్ళి అన్నం తిను."

ఆ మధ్యాహ్నం గోడ దగ్గరే నిలబడి ఆ ఏనుగుకి మేత పెట్టి, నది దాటించి, కొండ ఎక్కించేసరికి నాకు చెమటలు పట్టాయి. అబద్ధమని కసిరినవాళ్ళు చాలామంది ఉన్నారు. మొదలుపెట్టినదాన్ని చివరిదాకా నడిపించమన్నది పిన్ని ఒక్కతే. ఇవాళ చీర ఒకటి విప్పి దాని నేతగాడి పెళ్ళి కథ చెప్పి అమ్మగలుగుతున్నానంటే, అది ఆవిడ పెట్టిన భిక్షే. అయితే ఒక సంగతి ముందే చెప్పేస్తాను. ఇక్కడ పిన్ని గురించి రాసిన చోట కల్తీ లేదు. నా గురించి రాసిన చోట మాత్రం నాకే నమ్మకం తక్కువ.

మా అమ్మాయి బబ్లీ పిన్ని చేతుల మీదే పెరిగింది, ఆవిడని అమ్మమ్మ అనేది. నేను కొట్టుకి పోతే, బడి వదిలాక అది పోయి కూర్చునేది ఆవిడ వంటింటి గుమ్మంలోనే. పిన్ని తెలుగులో అడిగితే అది హిందీలో జవాబు చెప్పేది. ఇద్దరికీ ఏ లోటూ ఉండేది కాదు. దానికి తొమ్మిదేళ్ళప్పుడు బాబాయ్‌కి రిటైర్మెంటు వచ్చింది. రిటైరైతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి కదా. వాళ్ళు సొంతూరు వెళ్ళిపోతున్నారని తెలిసిన రోజు బబ్లీ ఏడవలేదు, పేచీ పెట్టలేదు. కెమెరా కావాలంది. సినిమాల్లో జర్నలిస్టుల మెడలో ఉండేది కాదు, తనే పట్టుకుని తీసుకునేది.

"ఎందుకే? అమ్మమ్మ గురించి నేను రోజూ చెప్తుంటాగా" అన్నాను.

"తుమ్ తో కహానీ బనా దోగీ" అంది. నువ్వు కథ చేసేస్తావు అని. "ముఝే అసలీ వాలీ అమ్మమ్మ చాహియే." నాకు అసలైన అమ్మమ్మే కావాలని.

నేను చెప్పే పిన్ని ఇంకో రెండేళ్ళకి మొసళ్ళతో మాట్లాడుతుందనీ, పదేళ్ళకి రైలుని చేత్తో ఆపుతుందనీ ఆ పిల్లకి ముందే తెలిసిపోయింది. దానికి కావలసింది గరుకు గొంతు ఉన్న మామూలు మనిషి. ఆ మనిషి ఇంకొన్నాళ్ళలో బండెక్కేస్తోంది.

అందుకని అన్నింటికన్నా పెద్ద కెమెరా కొనాలని నేను తీర్మానించుకున్నాను. ఊరుకుంటానా, కొనకముందే వీధి వీధంతా చాటేశాను. ఖర్కాయి నది ఇవతలి గట్టున నిలబడి తీస్తే అవతల ఆదిత్యపూర్‌లో ఎవరింట ఏం కూర ఉడుకుతోందో కనిపించే కెమెరా వస్తోందని చెప్పాను. ఆదివారం సాక్చీ బజారుకి బయల్దేరుతుంటే పిన్ని చెప్పులేసుకుని గుమ్మంలో ప్రత్యక్షమైంది. "నానూ వత్తన్నాను. నిన్నొక్కదాన్నే పంపితే దుకానమే మోసుకొచ్చీగలవు."

కొట్లో కుర్రాడు చురుకైనవాడు. నల్లగా, దుక్కలా ఉన్న కెమెరా ఒకటి ముందు పెట్టి, అందులో ఫోటో ఎంత పెద్దదైనా చెదరదని హిందీలో మొదలుపెట్టాడు. పిన్ని హిందీ మా ఊరి ఎర్రమట్టి అంటుకున్న హిందీ. అందులోనే అడిగింది, ఎంత పెద్దది అవుతుందని.

"గోడంత పోస్టరు వేసుకోవచ్చు ఆంటీ."

పిన్ని నా వైపు తిరిగింది. "మన క్వార్టర్లో అంత గోడెక్కడుందే?"

"జూమ్ కూడా చాలా ఉంది. దూరంగా ఉన్నవాళ్ళు పక్కనున్నట్టే వస్తారు."

"దగ్గరికెళ్ళి తీసుకోడానికి ఈ గుంటకి కాళ్ళున్నాయి కదా బాబూ. పడితే ఏటవుతాది?"

కెమెరా పడేయడానికి కాదని వాడు నొచ్చుకున్నాడు. తొమ్మిదేళ్ళ పిల్ల అన్నాక పడేస్తుందని, మొదటి గొడుగు, మొదటి వాచీ పడేసే కదా మనం పెద్దవాళ్ళమయ్యామని పిన్ని వాడికి నిదానంగా చెప్పింది. "పడీసినా మనం దాన్ని కొట్టకుండా ఉండగలిగేది సూపించు."

వాడు కింది అర తెరిచి, సబ్బుపెట్టె అంత కెమెరాలు నాలుగైదు బల్ల మీద పెట్టాడు. అప్పుడు పిన్ని చేసిన పనిని నేను తర్వాత చాలాసార్లు తలుచుకున్నాను. ఆవిడ కెమెరాల వైపు చూడటం మానేసి బబ్లీ చేతుల వైపు చూసింది. ఒక్కొక్కటే దాని చేతికిచ్చి, ఎలా తెరవాలో, ఎక్కడ నొక్కాలో చెప్పబోయిన కుర్రాణ్ణి ఆపేసింది. "నువ్వు సెప్పకు. నానూ సెప్పను. దీని అమ్మ నోరు ముయ్యడమే కష్టం గానీ, అదీ సెప్పదు." ఒకదానికి బబ్లీ వేలు అందలేదు. ఒకటి బరువుకి ముందుకి వాలిపోయింది. ఇంకొకదానికి వేరే బ్యాటరీ, వేరే చార్జరు. చివరిది, అన్నింటికన్నా చవకది, దాని గుప్పిట్లో ఇమిడింది. మణికట్టుకి తగిలించుకునే తాడుంది. రేడియోకి వేసే మామూలు పెన్సిల్ సెల్లులే సరిపోతాయి. పిల్ల ఎవరినీ అడగకుండా తెరిచి, కొట్టులోని ఫ్యాన్‌ని ఫోటో తీసింది.

కుర్రాడు నిజాయితీపరుడు. "అది కాస్త నెమ్మది ఆంటీ. నొక్కాక కాసేపు ఆగి తీస్తుంది. కదిలితే చెదిరిపోతుంది" అన్నాడు.

"ఆగనీ" అంది పిన్ని. "ఈ ఇంట్లో ఆగడం ఎవలికీ రాదు. అదైనా నేర్పుతాది."

నాకు మాత్రం మొహం చెల్లలేదు. అంత చాటింపు వేసి సబ్బుపెట్టెతో తిరిగొచ్చాను. సాయంత్రం కుళాయి దగ్గర ఎదురింటావిడ అడగనే అడిగింది, ఏమమ్మా, ఆదిత్యపూర్ కూరలు కనిపించాయా అని. నేను తల దించుకుని బిందె నింపుతున్నాను. పిన్ని బిందె ఎత్తుకుంటూ, మొహంలో ఒక్క గీత కదలకుండా, "కనబడ్డాది. బెండకాయ ఏపుడు. మాడ్సీసినారు" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ ఒక్క మాటకి నేను ఆవిడకి జన్మంతా రుణపడి ఉన్నాను.

బబ్లీ తీసిన మొదటి ఫోటోల్లో నేల, మోచెయ్యి, ఎవరిదో తోక ఉన్నాయి. ఆ కెమెరా సెల్లుల్ని పకోడీల్లా తినేసేది. మా రేడియో మూగబోయింది, పిన్ని ఇంట్లో గోడ గడియారం ఆగిపోయింది. అసలు కష్టం మాత్రం అది కాదు, పిన్నితోనే. కెమెరా కనిపిస్తే చాలు, ఆవిడ పైట సర్దుకుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టి, ఊపిరి బిగబట్టి రేషను కార్డు ఫోటోలా అయిపోయేది. పిల్ల వద్దన్నా వినదు. "ఫోటో అంటే అలగే ఉండాలే" అనేది. చెదరకుండా వచ్చిన ప్రతి ఫోటోలోనూ ఎవరో కొయ్యమనిషి. సామాను మూటలు కడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం బబ్లీ మెట్ల మీద కూర్చుని ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. అమ్మమ్మ ఇందులోకి రావడం లేదంది.

నేను సాయం చేద్దామనుకుని పిన్నిని నవ్వించే కథ ఒకటి మొదలుపెట్టాను. "మమ్మీ, చుప్" అంది బబ్లీ, కళ్ళు తుడుచుకుంటూ. నేను నోరు మూశాను. ఖాళీ అయిన వంటింటి గుమ్మంలో పిన్ని పీట మీద కూర్చుని మళ్ళీ కొయ్యబారింది. బబ్లీ నొక్కింది. చెయ్యి కదపలేదు. క్లిక్కు ఇంకా వినబడలేదు.

"అయిపోనాదా?" అని పిన్ని బిగబట్టిన ఊపిరి వదిలేసింది. భుజాలు కిందికి దిగాయి. నా వైపు తిరిగి, చెయ్యెత్తి, "ఒలే పారోతీ, మీ ఇంట్లో పప్పు మాడుతున్నట్టుంది సూడూ" అంటూ ఉండగా అప్పుడు పడింది క్లిక్కు.

బబ్లీ చిన్న తెరని చాలాసేపు చూసింది. "మిల్ గయీ" అంది మెల్లగా. దొరికిందని.

అందులో నోరు సగం తెరిచి, కసరబోతూ, కసురు కింద ఇంత ప్రేమ దాచుకుంటూ, ఆ మనిషి మొత్తం ఉంది. పిన్ని కళ్ళజోడు తెప్పించుకుని చూసింది. "ఇదేటి, నోరు తెరుసుకోని. తీసీయ్" అంది. పిల్ల చెరపనంది. ఆవిడ మళ్ళీ చూసింది. "నాను ఇలగే ఉంతానేటే?"

"ఎప్పుడూ ఇంతే పిన్నీ."

"మరిన్నాళ్ళూ సెప్పలేదేటి" అంది. గొంతులో గరుకు కాస్త తగ్గింది. రెండు రోజులకి వాళ్ళు బండెక్కారు. ఊరెళ్ళాక ఫోన్లు చేసుకునేవాళ్ళం. ఇప్పుడావిడ లేదు. ఆవిడ గురించి ఎవరైనా అడిగితే నేను ఒక్క మొసలిని కూడా చేర్చను. చేర్చాలనిపించినప్పుడు ఆ ఫోటో చూస్తాను. అందులో చోటు లేదు.

ఆవిడ నుంచి నాకు మిగిలింది ఆగడమే. కొట్టులో చీర విప్పి, చెప్పాల్సిన కథంతా చెప్పి, కొనేవాళ్ళు తలూపి నవ్వాక, ఇదివరకైతే వెంటనే బిల్లు రాయించేదాన్ని. ఇప్పుడు కాసేపు ఊరుకుంటాను. మర్యాదకి నవ్విన నవ్వు దిగిపోయాక కొనేవాళ్ళ చెయ్యి మెల్లగా ఇంకో చీర మీదికి పోతుంది. అసలు నచ్చింది అదీ అని అప్పుడు తెలుస్తుంది. బబ్లీ ఇప్పుడు రాంచీలో ఉద్యోగం చేస్తోంది. మొన్న రాత్రి ఫోను చేసి తిన్నానంది, పడుకుంటున్నానంది, సబ్ ఠీక్ హై, అంతా బాగుందంది. నాలుక చివర ఒక కథ సిద్ధంగా ఉంది, చెప్పలేదు. ఫోనూ పెట్టలేదు. అవతల ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. కాసేపటికి అది గట్టిగా ఊపిరి వదిలి, "అమ్మా, నీకొక మాట చెప్పాలి" అంది.