పాత ప్లగ్గు పట్టుకుని వెళ్లమన్నాడు

మా చిన్నాన్న పాత కారు ఇంజన్ పాడైంది నా వల్లేనని పదిహేనేళ్లు ఎవరికీ చెప్పలేదు. ఆ నింద మోసింది వ్యాసర్పాడి పేటలో ఉండే కార్ల మేస్త్రి.

పంతొమ్మిది వందల యాభైలలో మద్రాసులో ఆ కారును చిన్నాన్న ఆయన చేతికి తప్ప ఇచ్చేవాడు కాదు. మేస్త్రి నెలకోసారి మా ఇంటికి వచ్చి, స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పి, కిరసనాయిలుతో కడిగి, చిన్నాన్నతో కాఫీ తాగి వెళ్లేవాడు. ఒకసారి అలా వచ్చినప్పుడు నాతో, "ఇవి అరిగిపోయినాయి నాయనా. కొత్తవి తీసుకురా. పాతది చేత్తో పట్టుకుని పో, అంగట్లో మర పొడుగు కొలిచి సరిపడేవి ఇస్తారు," అన్నాడు.

తెల్లచొక్కాతో ఆఫీసుకు వెళ్లేవాణ్ణి. జిడ్డు ప్లగ్గు పట్టుకెళ్లడం నామోషీ అనిపించింది. అంగట్లో చూపుకు బాగున్నవి కొని, మరునాడు నేనే బిగించాను. వాటి మర, అంటే తిప్పి బిగించే చుట్ల భాగం, పొడుగెక్కువ. స్టార్ట్ చేయగానే లోపల పిస్టన్‌కు తగిలి ఇంజన్ టకటకలాడి ఆగిపోయింది. గబగబా పాతవే పెట్టేశాను. ఆ సాయంత్రం కారు కదలకపోయేసరికి చిన్నాన్న మేస్త్రిని పిలిపించాడు.

"నిన్న చెయ్యి పెట్టింది నువ్వే గదయ్యా," అన్నాడు చిన్నాన్న మేస్త్రితో. మేస్త్రి ప్లగ్గు విప్పి, రంధ్రంలోంచి పిస్టన్ మీది దెబ్బ చూశాడు, నా వైపు చూశాడు. "సరే సార్," అని కాఫీ తాగకుండానే వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

పోయిన నెల చిన్నాన్నను వెంటబెట్టుకుని ఆయన ఇంటికి వెళ్లి, జరిగింది చెప్పాను.

"నాకు ఆ పొద్దే తెలుసు సార్," అన్నాడు మేస్త్రి చిన్నాన్నతో నవ్వుతూ. "పిల్లోడే చెప్తాడులే అనుకున్నా."

"తప్పు నాది. చిన్నాన్న మిమ్మల్ని అన్న రోజే చెప్పాల్సింది. క్షమించండి," అన్నాను.