మూడు నెలల నెత్తురు

ధర్మవరంలో శ్రీరంగప్ప మగ్గం గుంటలోకి దిగాడంటే మధ్యాహ్నం దాకా నోరు విప్పడు. పలకరిస్తే తల ఊపుతాడు. పోగుల లెక్క తప్పుతుందని మాట్లాడడని వీధిలో మంచి పేరు. నిజం ఏమిటంటే, ఆయన బుగ్గన బెల్లం ముక్క ఉంటుంది. చప్పరిస్తూ నేస్తే లెక్క తప్పదని వాళ్ళ నాయన ఓబన్న నేర్పిన అలవాటు అది. నేతపనితో పాటు తీపిని కూడా కొడుక్కి ఇచ్చి పోయాడు ఆ మహానుభావుడు.

ఇంకొకటి కూడా ఇచ్చి పోయాడు, భయం. ఓబన్నకు చక్కెర జబ్బు. ఎడమ కాలి వేలికి చిన్న పుండు లేచింది, మానలేదు. వేలు తీశారు, తర్వాత పాదం తీశారు. గుంటమగ్గం నేసేవాడికి చేతులెంతో కాళ్ళూ అంతే. గుంటలో కాళ్ళు వదిలి చెక్కలు ఒకటి మార్చి ఒకటి తొక్కితేనే పడుగు తెరుచుకుని పేక చుట్టిన నాడె అటూ ఇటూ పోయేది. పాదం పోయాక ఓబన్న రెండేళ్ళు గుంట అంచున కూర్చుని, కొడుకు నేస్తుంటే చూశాడు. చూసి చూసి పోయాడు. అదే గుంటలో ఇప్పుడు శ్రీరంగప్ప కాళ్ళున్నాయి. రోజూ దిగేముందు రెండు పాదాలూ తిప్పి చూసుకుంటాడు.

అంత భయం ఉన్నవాడు బెల్లం మానొచ్చు కదా అంటారా? మానేవాడైతే ఆయన గురించి చెప్పడానికి ఇంత మాట ఎందుకు?

ఏటా ఉగాది దాటాక కాంపౌండరు దగ్గరికి పోయి మూత్రం పరీక్ష చేయించుకునేవాడు. గాజు గొట్టంలో నీలం మందుతో కలిపి కాస్తారు. నీలంగానే నిలిస్తే చక్కెర లేనట్టు, ఇటుక రంగుకు తిరిగితే ఉన్నట్టు. పరీక్షకు నాలుగు రోజుల ముందు నుంచీ శ్రీరంగప్పకు వైరాగ్యం పుట్టేది. బెల్లం లేదు, అన్నం లేదు, పూటకింత కొర్ర గంజి. నీలం రంగు కళ్ళారా చూసుకుని ఇల్లు చేరి, ఆ సంతోషంలో ఇంకో ముక్క బుగ్గన పెట్టుకునేవాడు. చీరలో ఎక్కడైనా పోగు తెగితే ఆ చోటు లోపలికి పోయేలా మడిచి, కొంగు పైకి కనబడేలా పెట్టడం ఆయనకు చేతికి వచ్చిన విద్య. కొనేవాడు పైమడత చూసి మురిసిపోతాడు. తన ఒంటిని కూడా ఆయన అలాగే మడిచి చూపించేవాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఇదే.

పంతొమ్మిది వందల ఎనభై మూడులో మోచేతుల మీదా మోకాళ్ళ మీదా తెల్లటి పొలుసులు లేచాయి. ఆయన భార్య ఆంజినమ్మ మగ్గానికి ఓ పక్కన కూర్చుని అంచు నాడె విసిరేది. వంగపండు రంగు పట్టు మీద పొలుసులు రాలితే, ఎవరూ చూడకముందే మెత్తని గుడ్డతో దులిపేది. అయినా వీధిలో గుసగుసలు మొదలయ్యాయి, కుష్టు అని. ఆ మాట చెవిన పడిన మర్నాడే ఆమె మొగుణ్ణి బస్సెక్కించి అనంతపురం తీసుకుపోయింది.

చర్మం డాక్టరు లింగప్ప మోచేయి గీకి చూశాడు. "కుష్టు కాదప్పా. సోరియాసిస్ అంటారు దీన్ని. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు" అన్నాడు. ఆంజినమ్మ చేతులెత్తి దండం పెట్టింది. పూత మందు రాసిచ్చి, డాక్టరు ఒక నోటు పుస్తకం తెరిచాడు.

"ఈ జబ్బుండే వాళ్ళ నెత్తురు పరీక్ష చేయిస్తాండాము. చక్కెర జబ్బు లేదనుకునే వాళ్ళకు గూడా కొందరికి చక్కెర ఎక్కువ కనపడతాండాది. యెందుకో తెలుసుకోవల్ల. నువ్వు తీపి తింటావా?"

శ్రీరంగప్ప గొంతు సవరించుకునే లోపే ఆంజినమ్మ అందుకుంది. "మా ఇంటాయన తీపి ముట్టడు సార్. ఒట్టు పెట్టి చెప్తా."

బెల్లం సంగతి ఆమెకు తెలియదనే శ్రీరంగప్ప నమ్మకం. డాక్టరు రాసుకున్నాడు. వచ్చే బేస్తవారం రమ్మన్నాడు. శ్రీరంగప్ప మనసులో లెక్క వేసుకున్నాడు. వారం రోజులు! నాలుగు రోజులకే నీలం నిలిచేది, వారానికి నిలవదా? కొర్ర గంజి తాగి తాగి మొహం పీక్కుపోయింది గాని, ధైర్యంగా పోయి నెత్తురిచ్చి వచ్చాడు. ఆ గొట్టాన్ని ఐసు డబ్బాలో పెట్టి బెంగుళూరు పంపారు.

మూడో వారం కార్డు వచ్చింది. వెంటనే రమ్మని ఒకటే ముక్క. ముందూ వెనకా తిప్పి ఎన్నిసార్లు చదివినా అందులో ఇంకేమీ లేదు. ఆ రోజు ఆయనకు అంచు ఎక్కడుందో, పడుగు ఎక్కడుందో తెలియలేదు. రెండుసార్లు పోగు తెంపాడు. బస్సులో కూర్చున్నంత సేపూ చెప్పుల్లో వేళ్ళు కదిలించి చూసుకుంటూనే ఉన్నాడు.

"నూటికి పది వచ్చిందప్పా" అన్నాడు లింగప్ప. "మామూలు మనుషులకు ఆరు, ఏడు ఉంటాది."

"మొన్న ఉగాదికి గూడా నీలమే వచ్చె గద సార్?"

"అది ఆ పూట చక్కెర. ఇది యేరే. నెత్తురులో ఎర్ర కణాలు మూడు నాలుగు నెలలు బతుకుతాయి. చక్కెర పోయి వాటిల్లోని మాంసకృత్తులకు అంటుకుంటే, ఆ కణం చచ్చేదాకా ఊడదు. నువ్వు వారం పస్తున్నా మునుపు అంటుకునింది ఆడనే ఉంటాది."

శ్రీరంగప్పకు తను దాచుకున్న మూడు నెలల మడతలన్నీ ఎవరో బల్ల మీద విప్పి పరిచినట్టయింది.

డాక్టరు మాత్రం హుషారుగా ఉన్నాడు. "నువ్వు తీపి ముట్టవు. అంటే ఇది సోరియాసిస్ చేసిన పనే అని రాసుకుంటా. ఇట్లాంటోళ్ళు పదకొండు మంది దొరికినారు నాకు. అందర్లోకీ నీదే ఎక్కువ. నువ్వే నాకు ముఖ్యమైన మనిషివి."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు ముఖ్యమైన మనిషి. ఆంజినమ్మ నేల చూస్తోంది.

"ఆ బల్ల మీద పడుకో. కాళ్ళు చూస్తా. కండ్లు మూసుకో, సూది మొన ఆనిస్తా, తగిలితే చెప్పు."

కాళ్ళు అనేసరికి ఆయన బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని పడుకున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నాయన తెగిన కాలికి చుట్టిన పాత పంచె గుడ్డ కళ్ళ ముందు కదిలింది.

"తగిలింది సార్" అన్నాడు. కాసేపాగి, "ఇప్పుడు గూడా తగిలింది." ఇంకాసేపటికి, "బాగా తగిలింది సార్."

"కండ్లు తెరువు."

తెరిచాడు. డాక్టరు గోడ దగ్గర సూదిని దూదితో తుడుస్తూ నిలబడి ఉన్నాడు. "నేనింకా నీ కాళ్ళ దగ్గరికే రాలేదప్పా" అన్నాడు.

సిగ్గుతో ఆయన చచ్చిపోయాడు. ఉన్నట్టుండి ఆంజినమ్మ ఏడ్చింది.

"ఆ రాసుకునింది కొట్టేయండి సార్. ఏడేండ్ల నుంచి మగ్గం గుంటలో చీమలు ఊడ్చేది నేనే. బెల్లం తుంపులకు బారులు కడతాయి. పొద్దున్నే ఈయప్ప లేసేలోగా ఊడ్చేస్తా."

శ్రీరంగప్ప లేచి కూర్చున్నాడు. "తెలిసీ యెందుకు అడగలేదే?"

"అడిగితే నీకు గూడా ఆ రోగమే ఉండాదని నేను ఒప్పుకున్నట్టే గదా! మామ కాలికి కట్లు కట్టింది ఈ చేతులే. మల్లా కట్టల్లంటే నాతో అయితాదా?"

లింగప్ప పుస్తకం తెరిచి ఒక గీత కొట్టాడు. కోప్పడలేదు. "చర్మం చేసింది ఎంతో, బెల్లం చేసింది ఎంతో ఇప్పుడు నేను తేల్చలేను. మందులిస్తా. ముందు కాళ్ళు చూడనీ. పడుకో. ఈసారి నిజం చెప్పు."

కుడి పాదం. తగిలింది, తగిలింది. బొటనవేలు, మడమ, అన్నీ చురుక్కుమన్నాయి. ఆయనకు ఊపిరి ఆడింది. ఎడమ కాలి బొటనవేలు తగిలింది. పక్క వేలు తగిలింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. పైన ఫ్యాను కిర్రుమంటోంది.

"సార్, కాలికాడ ఉండారా?"

"ఈడనే ఉండా. చెప్పు."

తగిలింది అనే మాట నాలుక చివర దాకా వచ్చింది. ఆంజినమ్మ చెయ్యి వచ్చి ఆయన పొలుసుల మోచేతిని గట్టిగా పట్టుకుంది.

"తగల్లేదు సార్" అన్నాడు శ్రీరంగప్ప.