బస్సు వదిన అలల్లోకి దిగిన ఆదివారం

ఆవిడను వీధి మొత్తం బస్సు వదిన అనే పిలుస్తుంది. మొదట్లో అలా పిలిచింది ఆవిడ ఆడపడుచు ఒక్కతే. తర్వాత పక్కింటివాళ్లు అందుకున్నారు, ఆపైన స్కూల్లో టీచర్లు. చివరికి ఆవిడకంటే పదేళ్లు పెద్దవాడైన పోస్టుమాస్టరు కూడా "వదినగారూ, కాస్త బస్సు పక్కకి తీస్తారా" అనడం మొదలుపెట్టాడు. పంతొమ్మిదేళ్లుగా స్కూలు బస్సు నడుపుతోంది. పిల్లలందరూ కూర్చున్నారని అద్దంలో చూసుకుంటే తప్ప బండిని అంగుళం కదిలించదు. వెనక ఎంతమంది హారన్లు మోగించినా ఆవిడ చెవికెక్కదు.

సముద్రం వాళ్ల ఇంటికి నాలుగు వీధుల అవతలే. అయినా యాభయ్యో ఏడు వచ్చేదాకా మోకాలి లోతు దాటి దిగలేదు. దింపింది ఆ ఆడపడుచే.

ఆడపడుచు పెద్దాసుపత్రిలో, విరిగిన ఎముకలకు పిండికట్లు వేసే గదిలో పనిచేస్తుంది. అన్నగారింటి పై వాటాలో ఉంటుంది. సెలవు దొరికిందంటే చాలు, నిమ్మపండు రంగు కయాక్ వేసుకుని చేపల వేటకు పోయేది. కయాక్ అంటే మరేం లేదు, ఒక్క మనిషి పైన కూర్చుని, రెండు చివరలా రెక్కలున్న తెడ్డుతో నడుపుకునే సన్నటి ప్లాస్టిక్ పడవ. పన్నెండడుగుల పొడవు. ఇంటి పక్క సందులో, గోడకు కొట్టిన రెండు ఇనప కొక్కేల మీద పడుకుని ఉండేది.

ఒకరోజు వేట నుంచి తిరిగి వస్తుండగా ఒడ్డు దగ్గర అల ఆ పడవను అడ్డం తిప్పింది. ఆడపడుచు పడవకీ ఒడ్డుకీ మధ్యన దిగి నిలబడింది. వెనకాలే వచ్చిన అల పడవను తెచ్చి ఆమె మీదికి కొట్టింది. మణికట్టు రెండుచోట్ల విరిగింది. కట్టు వేయించుకోవడానికి తన గదికే వెళ్లి, తన బల్ల మీదే కూర్చుని, తోటి ఉద్యోగికి "దూది ఇంకాస్త పెట్టు, అంత బిగించకు" అని పురమాయించిందట. ఎముక అతుక్కుంది గానీ, ఏడాదిపాటు తెడ్డు ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

ఆ వారమే ఒక సాయంత్రం ముగ్గురూ భోజనాలకు కూర్చున్నప్పుడు ఆడపడుచు అంది. "వదినా, పడవ ఎండకి పాడైపోతోంది. నువ్వు నడుపు."

"నాకు స్టీరింగ్ ఉంటేనే చేతులాడతాయి."

"తెడ్డే స్టీరింగ్. బ్రేకులు మాత్రం ఉండవు."

ముద్ద నోటిదాకా తీసుకెళ్లిన భర్త ఆగిపోయాడు. ఆయనది కళ్లద్దాల షాపు. నెమ్మదస్తుడు. అద్దాన్ని అరగదీసేటప్పుడు ఈగ వాలినా ఉలిక్కిపడే మనిషి. "నన్ను ముందు తిననివ్వండి. తర్వాత మీ ఇష్టం వచ్చినట్టు మునగండి" అన్నాడు.

మునగకుండా ఉండడమే ముందు నేర్చుకుంది వదిన. నాలుగు నెలలు, బస్సు ఎక్కే ముందు, తెల్లవారుజామున ఈతకొలనులో. ఇంట్లో భోజనాల బల్ల పక్కనున్న పొడుగు బెంచీ మీద కాళ్లు చాపి కూర్చుని, తడిగుడ్డ కర్రను తెడ్డులా తిప్పేది. వెనక నుంచి ఆడపడుచు బెంచీని అటూ ఇటూ కుదిపేది. ఒకసారి బెంచీ తిరగబడి ఇద్దరూ కింద పడితే, భర్త గది గుమ్మంలో నిలబడి, "ఇదింకా నేల మీదే కదూ?" అని అడిగి వెళ్లిపోయాడు. తర్వాత చెరువు, ఆ తర్వాత గాలి లేని ఉదయాల్లో సముద్రం. అయిదుసార్లు బానే వెళ్లొచ్చింది. ఒక్కసారి కూడా పడలేదు. చేపలు మాత్రం అరచేతిలో పట్టేంతవి.

అప్పుడొచ్చింది ఆ ఆదివారం.

మూడు రోజులు ఒకటే గాలి. ముందురోజు సాయంత్రానికి గాలి ఆగింది గానీ సముద్రం ఆగలేదు. అలల హోరు వంటింట్లోకి వినిపిస్తోంది. ఆడపడుచు మేడ మెట్లు రెండేసి చొప్పున దూకుతూ వచ్చింది. "వదినా, వంజరం చేపలు! అలల అవతల పక్షులు పిచ్చెక్కినట్టు నీళ్లలోకి దూకుతున్నాయి. ఇంత దగ్గరికి ఎప్పుడూ రాలేదు. పద!"

వదిన స్టవ్ కట్టేసింది. గబగబా చేతులు కడుక్కుంది. చిన్నప్పుడు మొట్టమొదటిసారి లారీ క్యాబిన్లోకి ఎక్కినప్పటి హుషారు మళ్లీ వచ్చింది.

తీరంలో గార్డు పసుపు జెండా పాతి ఉన్నాడు. స్నానాలకు దిగేవాళ్లను జాగ్రత్తగా ఉండమని దాని అర్థం. కయాక్‌ను చూడగానే నడుం మీద చెయ్యి వేసుకున్నాడు. "వదినగారూ, ఇవాళ్టి అలలు మీ బస్సుకి కూడా జడవవు. మీకు ఈత వచ్చని తెలుసు కాబట్టి పోనిస్తున్నా. మూడుసార్లు. మూడోసారీ పడ్డారంటే పడవ నా గది పక్కన పెట్టేసి తాళం వేస్తా."

"అలాగే బాబూ" అంది వదిన. లైఫ్ జాకెట్ పట్టీలు బిగించుకుంది. గాలాల కర్రలు రెండూ పడవకు కట్టింది. తెడ్డును సన్నతాడుతో పడవకు తగిలించింది. తోడొచ్చిన భర్త ముందుకొచ్చి, ఆమె కళ్లద్దాల వెనక తను తయారుచేసిన దారం ముడి సరిచూశాడు. అది అయ్యాక తన కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"అదేంటండీ?"

"నువ్వు వచ్చాక పెట్టుకుంటా."

మోకాలి లోతులో పడవ ముక్కును అలలకు ఎదురుగా పట్టుకుని నిలబడింది. నురగ వచ్చి తొడలను కొడుతోంది. వెనక నుంచి ఆడపడుచు కేకేసింది. "ఇప్పుడు! ఎక్కు!"

ఎగిరి కూర్చుంది. అయిదు తెడ్లు వేసిందో లేదో, ఎదురుగా అల లేచింది. కింది నుంచి చూస్తే గోడే. పడవ ముక్కు పైకి లేచేసరికి తెడ్డు ఆగిపోయింది, నడుం వెనక్కి వాలింది. అంతే. ఆకాశం కిందికి, ఇసుక పైకి వెళ్లాయి. లేచేసరికి నోటినిండా ఉప్పు, చెవినిండా ఇసుక. పడవ ఆమెకంటే ముందే ఒడ్డుకు చేరి బోర్లా పడుకుంది.

"చెల్లాయ్, ఏమైంది?" అడిగాడు భర్త, మసకమసకగా సముద్రం వైపు చూస్తూ.

"ఏం కాలేదన్నయ్యా. దిగింది."

"దిగిందా, పడిందా?"

"రెండూ."

రెండోసారి వదిన ముందుకు వంగింది. మొదటి అల ముఖాన కొట్టినా తెడ్డు ఆపలేదు. దాటింది! రెండోదీ దాటింది! ఒళ్లంతా పులకరించిపోయి "హేయ్" అని అరిచింది. ఆ అరుపు పూర్తికాకముందే మూడో అల ఎడమ పక్క నుంచి ఏటవాలుగా వచ్చి పడవను అడ్డం తిప్పి దొర్లించింది. నీళ్ల సీసా సముద్రం పాలైంది. మోకాలు గీసుకుపోయింది. అయినా పడవకు సముద్రం వైపునే లేచి నిలబడింది, ఆడపడుచు మణికట్టు గుర్తొచ్చి.

గార్డు ఒక వేలు చూపించాడు. ఇంకొక్కటే.

ఆడపడుచు పరుగెత్తుకొచ్చి సలహాల చిట్టా విప్పింది. భుజాలు ఇలా, నడుం అలా, చూపు అక్కడ. వదిన చెయ్యెత్తి ఆపింది.

"అమ్మాయ్, కాసేపు మాట్లాడకు. నువ్వు ఇప్పుడు అనగానే నేను కదులుతున్నా. పంతొమ్మిదేళ్లలో వెనక ఎవరో హారన్ కొట్టారని బండి తీసిన రోజు లేదు. ఇవాళ రెండుసార్లు తీశా."

ఆడపడుచు పక్కకు జరిగింది.

వదిన తడి ఇసుకలో కూర్చుని అలలను చూడసాగింది. ఒకటి, రెండు, మూడు... పెద్దవి ఆరు వచ్చాయి. ఆ తర్వాత చిన్నవి. నలభై లెక్కపెట్టేదాకా సముద్రం ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంది. మళ్లీ పెద్దవి. ఈసారి అయిదే. మళ్లీ నెమ్మది. పావుగంట అలా కూర్చుంది. పొడుగాటి ఒకావిడ కుక్కతో నడుస్తూ ఆగి, ఏం చూస్తున్నారా అని తనూ చూసి, ఏమీ కనిపించక వెళ్లిపోయింది.

"అక్కడ అల విరగడం లేదు చూశావా?" అంది వదిన, కుడివైపు చెయ్యి చాపి. బస్సు వెడల్పున నీళ్లు ముదురు రంగులో ఉన్నాయి. నురగ ఒడ్డుకు రాకుండా లోపలికి పోతోంది.

"అది లాక్కెళ్లే పాయ వదినా. స్నానాలకొచ్చినవాళ్లని అటు పోనివ్వరు."

"మనిషిని లాక్కెళ్తే ప్రమాదమే. పడవని లాక్కెళ్తే?"

ఇద్దరూ గార్డు వైపు చూశారు. అతను బుర్ర గోక్కున్నాడు. "పడవకైతే... అదే దారి. మేం బోటు దింపేది అక్కణ్నుంచే. కానీ పడ్డారనుకోండి, ఒడ్డుకి ఈదకండి. పడవని పట్టుకుని ఉండండి, నేనొస్తా."

మూడోసారి ఎవరూ కేకలు వెయ్యలేదు. వదిన మోకాలి లోతులో నిలబడి పెద్ద అలలన్నీ పోనిచ్చింది. అయిదు. ఆరు. ఇంకోటి ఉందేమో అని ఆగింది. ఉంది. ఏడోది వచ్చి తొడల మీద పగిలిపోయింది. అప్పుడు ఎక్కింది.

తెడ్డు, తెడ్డు, తెడ్డు. కింద పాయ పడవను చేత్తో పట్టుకుని లాగుతున్నట్టు ఉంది. పది తెడ్లు. ఇరవై. చిన్న అల ఒకటి ఒళ్లోకి దూకి పోయింది. ఒడ్డున భర్త జేబులోంచి కళ్లద్దాలు తీసి, తలకిందులుగా పెట్టుకుని, సరిచేసి పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే దూరాన నల్లటి గీత ఒకటి లేచింది. రావలసిన సమయం కాకముందే రాబోతున్న పెద్ద అల.

"చెల్లాయ్! అది..."

"మాట్లాడకన్నయ్యా!"

వదిన చూసింది. వెనక్కి తిరిగే వీల్లేదు. అల విరిగేలోపు దాని మీదికి ఎక్కాలి. గడ్డం మోకాళ్లకు ఆనేంత వంగి, భుజాలు ఊడిపోతాయేమో అన్నంత బలంగా తెడ్డు వేసింది. పడవ ముక్కు లేచింది, ఇంకా లేచింది, నిట్టనిలువునా నిలబడింది. అల అంచున తెల్లటి నురగ ఉరుముతూ విరగడం మొదలైంది. ఆ నురగలోకే తెడ్డు గుచ్చి లాగింది. ఒక్క క్షణం పడవలో సగం గాలిలో ఉంది. మరుక్షణం ధబ్బున అవతల వాలింది. వెన్నుపూస జలదరించింది. వెనక అల పగిలిన మోత వినిపించింది.

వెనక! తన వెనక!

ఇంకో రెండు అలలు. అవి విరగలేదు, ఎత్తి దించాయంతే. వదిన తెడ్డు రెండు చేతులా పైకెత్తి అరిచిన అరుపు ఒడ్డున ఎవరికీ వినపడలేదు గానీ, ఎత్తిన తెడ్డు అందరికీ కనిపించింది. ఆడపడుచు ఇసుకలో గంతులేసింది. గార్డు ఈలేశాడు. భర్త ముక్కు మీద చెమట తుడుచుకుని, "దాటింది. నేనే చూశా" అని నడక ముగించుకుని తిరిగొచ్చి పక్కన నిలబడ్డ కుక్కావిడకు చెప్పాడు.

అవతల పక్షులు నెత్తి మీదుగా రాళ్లలా పడుతున్నాయి. చిన్నచేపలు నీళ్లమీద వాన కురిసినట్టు ఎగురుతున్నాయి. వదిన చేపలా మెరిసే రేకు ఎరను వెనక వదిలి నాలుగు తెడ్లు వేసిందో లేదో గాలం కర్ర విల్లులా వంగి, దారం చుట్టిన చక్రం కీచుమని అరిచింది. దారం పోతూనే ఉంది. చక్రాన్ని కాస్త బిగించేసరికి పడవే కదిలింది. చేప ముందు, ఆవిడ వెనక! "ఎక్కడికమ్మా, ఎక్కడికి?" అని నవ్వుతూ చేపతో మాట్లాడుతూ, అది లాగినప్పుడు వదిలి, అలిసినప్పుడు చుట్టి, పావుగంట పోరాడింది. చివరికి వెండిలా మెరుస్తూ పడవ పక్కన తేలింది. వంజరమే, తన చెయ్యంత పొడుగు. కొక్కెంతో పైకి లాగి సంచిలో వేసి, మూతి కట్టి, పడవకు బిగించింది. గుండె ఎంత కొట్టుకుంటోందంటే జాకెట్ ఎగిరెగిరి పడుతోంది.

ఇంకోటి పట్టొచ్చు. కానీ చేతులు ఊడిపడేట్టున్నాయి, తిరిగి రావడం ఇంకా ఉంది. దానికి పాయ పనికిరాదు. పక్కకు వచ్చి, అలలు విరిగేచోటికి బయటే ఆగి, మళ్లీ లెక్క. ఆరు పోనిచ్చి, చివరిదాని వీపు వెనకాలే బయలుదేరింది. ఒడ్డు పరుగెత్తుకొస్తోంది. నడుం లోతు, మోకాలి లోతు. సముద్రం వైపుకు దూకింది. దూకడమైతే బాగానే దూకింది గానీ కాళ్లు ఎప్పుడో మొద్దుబారాయి. నిలబడబోయి చతికిలపడింది. పడవ తనంతట తానే హుందాగా ఒడ్డుకు వెళ్లి ఆగింది.

చెప్పులతో, ప్యాంటుతో నీళ్లలోకి వచ్చేశాడు భర్త. "దెబ్బ తగిలిందా?"

"సంచి చూడండి ముందు."

"సంచి సంగతి తర్వాత. నీకేమైంది?"

"నవ్వొస్తోందండీ. లేవలేకపోతున్నా."

నిజంగానే లేవలేకపోయింది. ఆడపడుచు వచ్చి పక్కనే నీళ్లలో కూలబడి మెడ చుట్టూ చెయ్యి వేసింది. నురగ వచ్చి ఇద్దరినీ తడిపి పోతుంటే, అల ఎంత ఎత్తు లేచిందో వదిన చెయ్యి పెట్టి చూపించింది. కథ రెండోసారి చెప్పేటప్పటికి అల ఇంకో రెండడుగులు పెరిగింది. గార్డు చేపను ఎత్తి చూసి, "ఇంత చేపని నేనీ ఒడ్డున ఈ ఏడు చూళ్లేదు" అన్నాడు. అతని మాట నిజమో మర్యాదో తెలీదు గానీ, వదిన దాన్ని నిజమనే తీసుకుంది.

మర్నాడు భుజాలు పైకి లేవలేదు. గేరు మార్చిన ప్రతిసారీ "అబ్బా" అంటుంటే, ముందు సీట్లో టీచరు ఏమైందని అడిగింది. ఆ పొద్దున స్కూలు చేరేదాకా బస్సంతా నిశ్శబ్దంగా విన్నారట. అది ఆ బస్సు చరిత్రలో మొదటిసారి.

ఏడాది గడిచాక డాక్టరు ఆడపడుచుకు అనుమతిచ్చాడు. ఇప్పుడు సందులో నాలుగు కొక్కేలు, రెండు పడవలు. అలలు ఎప్పుడు దాటాలో ఆడపడుచు వదిననే అడుగుతుంది. పడ్డం ఆగిందనుకోకండి, పడుతూనే ఉన్నారు. పోయిన నెల ఇద్దరూ ఒకే అలకు పడ్డారు. భర్త ఒడ్డున రెండు తువ్వాళ్లతో నిలబడి, "ఈసారి ఎవరు ముందు?" అని అడిగాడు.