ఓడ ముక్కు మీద కొబ్బరికాయ

ఆ రోజుల్లో రెండువేల సంవత్సరం వస్తోందంటే లోకానికి యముడే వస్తున్నంత హడావిడి. కొత్త సంవత్సరం పుట్టగానే కంప్యూటర్లన్నీ మతి తప్పి, బ్యాంకులు మూతబడి, విమానాలు రాలిపోతాయని చెప్పుకునేవారు. ఆ మతి బాగుచేయడానికి (ఆ పనినే వైటూకే అనేవారు) మన కుర్రాళ్లు సిడ్నీలో తండోపతండాలుగా దిగారు. వాళ్లకు వండిపెట్టడానికి హోటలు వంటవాడిగా మా ఆయన దిగాడు. ఆయనకు తోడుగా నేను దిగాను. (నా ఐటీ అనుభవం ఇంతే. నవ్వకుండా రాయవే కోడలా.) నాకప్పుడు ఇరవై దాటాయో లేదో. చదువు ఐదో తరగతి దగ్గర ఆగింది, ఇంగ్లీషు "థాంక్యూ" దగ్గర ఆగింది. అలాంటిదాన్ని ఒక ఇటలీ ఓడ చరిత్రలోకి ఎక్కి కూర్చున్నానంటే ఎవరు నమ్ముతారు?

మేం అద్దెకున్నది బ్లాక్‌టౌన్ వైపు, ఒక ఇటలీ ముసలాయన పెరటి గదిలో. భార్య పోయింది, కూతురు పెర్త్‌లో ఉంది, ఆయనకు మిగిలింది టమాటా మొక్కలూ ఓడ కబుర్లూ. అందుకే ఆయన్ని మేం ఓడ తాత అనేవాళ్లం. రెండు పెద్ద యుద్ధాలకీ మధ్య, వయసులో ఉండగా, ఆయన ఒక మహా ఓడ వంటింట్లో బంగాళాదుంపలు చెక్కేవాడట. ఆయనది సగం ఇటలీ ఇంగ్లీషు, నాది సగం గోదావరి ఇంగ్లీషు. చేతులు మాత్రం ఇద్దరివీ పూర్తిగా మాట్లాడేవి. నన్ను సిన్యోరా, అంటే వాళ్ల భాషలో అమ్మగారూ, అని పిలిచేవాడు. "సిన్యోరా, ఓడ నెత్తిమీద ఈతకొలను! దాని చుట్టూ నిజం ఇసుక! దొరలూ దొరసానులూ ఆ ఇసుకలో పడుకునేవారు!" అనేవాడు. "ఇసుకలో పడుకోడానికి ఓడెందుకు తాతా, ఒడ్డునే పడుకోవచ్చుగా?" అన్నాను. విసురుగా లేచి, మిగతా కబురు టమాటా మొక్కలకి చెప్పుకున్నాడు. దొరసానుల కుక్కలకు వేరే గదులు, భోజనాల హాలు కప్పు నిండా బొమ్మలు, అమెరికా దాకా పాటకచేరీలు. ఆఖరికి యుద్ధమొచ్చి, తివాచీలు పీకేసి, బూడిదరంగు పూసి రేవులో కట్టేస్తే, విమానాలొచ్చి బాంబులేశాయట. పక్కకి ఒరిగి పడిపోయిన ఓడని తుక్కు కింద అమ్మేశారట. అక్కడికొచ్చేసరికి ఆయన కళ్లు తుడుచుకునేవాడు. నేనూ తుడుచుకునేదాన్ని (పచ్చిమిరపకాయలు తరిగిన చేత్తో, అందుకని నా ఏడుపే ఎక్కువసేపుండేది). "అసలు మొదటిరోజే తెలిసింది సిన్యోరా! నీళ్లలోకి దింపేటప్పుడు శకునానికి ముక్కుకేసి కొట్టిన సారా సీసా పగల్లేదు" అని ముగించేవాడు.

ఆయన పాత చెక్కలతో ఆ ఓడనే మంచమంత బొమ్మగా కట్టాడు. ఇటలీవాళ్ల క్లబ్బులో టోపీ తాత అని ఇంకో ముసలాయన ఉండేవాడు. "ఆ ఓడ పుట్టుకతోనే ఒక పక్కకి ఒరిగేది, సూపు గిన్నెలు బల్లమీంచి జారేవి" అని ఏళ్ల తరబడి వెక్కిరింత. మా తాతకు పౌరుషమొచ్చింది. "ఆదివారం చెరువులో వదులుతా. ఒరిగిందా, ఈ క్లబ్బు గడప తొక్కను. ఇల్లమ్ముకుని పెర్త్ పోతా!" అని అందరి ముందూ ఒట్టేశాడు. ఆ ఇంట్లోనే కదా మా గది! ఆయన పౌరుషం సంగతేమో గాని, నేను మాత్రం ఆ రాత్రే పెట్టెలు లెక్కపెట్టుకున్నాను.

తాత భయమంతా సీసా మీదే. "ఈసారీ పగలకపోతే?" అన్నాడు. "సీసా ఎందుకు తాతా? కొత్త బండికి మేం కొబ్బరికాయ కొడతాం. నా చేతిలో పగలని కాయ లేదు" అని రొమ్ము విరుచుకున్నాను. ఆదివారం ఓడకు పసుపు రాసి, బొట్టుపెట్టి, పొగగొట్టానికి నిమ్మకాయల దండ కట్టాను. చక్రాల కింద నిమ్మకాయలు పెడదామంటే ఓడకు చక్రాలేవీ? "ఏవండీ, ఎక్కడ పెట్టను?" అంటే మా ఆయన, "నా నెత్తిన పెట్టు" అన్నాడు. ఆఖరికి ఓడని తెచ్చిన తోపుడుబండి చక్రాల కింద పెట్టాను. క్లబ్బు క్లబ్బంతా చెరువుగట్టున నిలబడింది. అందరూ చూస్తున్నారు కదా, మన పద్ధతీ వాళ్ల పద్ధతీ రెండూ కలిపేశాను. రాయికేసి కొట్టాల్సిన కాయని, ఉన్న బలమంతా పెట్టి, ఓడ ముక్కుకేసి కొట్టాను.

కాయ పగల్లేదు. ముక్కు పగిలింది.

అప్పటికే ఓడ నీళ్లలోకి జారింది. కన్నంలోంచి గుడగుడమని నీళ్లు తాగుతూ, పెళ్లిలో తాగొచ్చిన బాబాయిలా ఎడమపక్కకి ఒరిగింది. టోపీ తాత పకపకా నవ్వాడు. "చెప్పానా? పుట్టుబుద్ధి!" మా తాత ముఖంలో నెత్తురుచుక్క లేదు. నాకు మా గది కళ్లముందు మూటాముల్లె కట్టుకుంటోంది. మా ఆయన పంచె, అదే, ప్యాంటు ఎగ్గట్టి చెరువులోకి దూకాడు. "ఏమే, చూస్తావేం? పూరీపిండి తే!" క్లబ్బు భోజనాలకని మేం తెచ్చిన పిండిముద్దతో కన్నం మూశాడు. అయినా ఒరుగుతూనే ఉంది. లోపలికి పోయిన నీళ్లు తోడే దారి లేదు, పైచెక్కకు మేకులు కొట్టేశారు. "ఆవకాయ జాడీ ఇలా ఇవ్వు." దాన్ని కుడిపక్కన పెట్టాడు. ఓడ ఒకసారి ఆలోచించుకుని, నిటారుగా నిలబడింది!

మాతో వచ్చిన హైదరాబాదు వైటూకే తమ్ముడు నోరు తెరిచాడు. "అక్కా, మా ఆఫీసుల గిదే పని! లోపల ఏం పగిలిందో ఎవనికీ తెల్వదు. అవతలి పక్క బరువు పెడ్తున్నం, నిలబడ్డది అని మెయిల్ కొడ్తున్నం!"

"ఆ జాడీ ఏంటి? నిజం ఓడలో ఉందా అది?" అని టోపీ తాత నిలదీశాడు. మా తాత నావైపొకసారి చూశాడు. గుండె మీద చెయ్యేసుకుని, "వంటింట్లో ఉన్నది నువ్వా, నేనా? మొదటి తరగతి వాళ్లకి రోజూ వడ్డించేవాళ్లం!" అన్నాడు. టోపీ తాత తొలిసారి టోపీ తీశాడు. ఆ తర్వాత ఓడ తాత ఎవరికి చెప్పినా, ఇసుకా ఈతకొలనూ అయ్యాక మామిడికాయ ఆవకాయ దగ్గర ఆగేవాడు. బతికున్నంతకాలం మమ్మల్ని ఆ గదిలోంచి కదలనివ్వలేదు.

ఇప్పుడు తాతా లేడు, మా ఆయనా లేడు. ఇప్పుడు నేనుండే ద పాండ్స్ పేటలో, మా వీధిలో ఎవరు కొత్త కారు కొన్నా నన్నే పిలుస్తారు. "ఆంటీ, మీ చెయ్యి మంచిది" అంటూ కాయ చేతికిచ్చి బంపరు చూపిస్తారు. నేను పది అడుగులు వెనక్కి నడిచి, రోడ్డంచు రాయికేసి కొడతాను. "అంత దూరమెందుకాంటీ?" అంటారు. కాయ పగిలిన చప్పుడులో, చెరువులో మొలలోతు నీళ్లలో నిలబడి, పూరీపిండి చేతులతో "ఏమే, చూస్తావేం?" అన్న మనిషి వినిపిస్తాడు. చూస్తూనే ఉన్నానండీ.