బాపు పాట లేని రికార్డు

ఏటా ఇచ్చినట్టే ఈ ఏడు కూడా పింఛను కోసం బతికే ఉన్నానని రుజువు ఇవ్వడానికి జడ్చర్ల బ్యాంకుకు పోతే, వేలిముద్రల యంత్రం నా వేళ్లలో ఒక్కదాన్నీ ఒప్పుకోలేదు. ఏం పని చేసేటోనివి తాతా, గీతలన్ని అరిగిపోయినయి అని కౌంటరులో ఉన్న అమ్మాయి అడిగింది. రైల్వేలో పార్సిలు గుమాస్తానన్నాను. అబద్ధం కాదు. కానీ అంతకు ముందు పదేళ్లు గిటారు వాయించినవాణ్ణని చెప్పడానికి ఎందుకో నోరు రాలేదు. మీరు నా ఈడువాళ్లు గనుక మీకైనా చెప్పుకుంటాను.

మాది ఆలేరు. మా నాయనను బాపు అనేవాళ్లం, ఆయన రైల్వేలో గ్యాంగ్‌మన్. పదిమంది గడ్డపారలు పెట్టి రైలు పట్టాను జరపాలంటే అందరి బలమూ ఒక్కసారే పడాలి, ఆ అదను చూపించేది బాపు పాట. ఆయన ఎత్తుకుంటే మిగతావాళ్లు వంత అందుకునేవాళ్లు, బరువు కదిలే చోట ఆయన గొంతు మూలిగినట్టు వంగి మళ్లీ లేచేది. అది ఎవరు కట్టిన పాటో తెలియదు. మా తాత కూడా పాడేవాడట. సెంటు భూమి లేని మా ఇంట్లో తండ్రి నుంచి కొడుకుకు దక్కిన ఆస్తి అదొక్కటే.

మా చర్చికి వచ్చే రైలు గార్డు దొర ఒకాయన నాకు గిటారు నేర్పాడు, ఊరు విడిచి పోతూ దాన్ని నాకే ఇచ్చిపోయాడు. తీగను నొక్కిపట్టి పక్కకు లాగితే బాపు గొంతులాగే స్వరం వంగుతుందని నాకు నేనుగా కనుక్కున్న రోజు అన్నం మాట మరిచిపోయాను. తర్వాత సికింద్రాబాదులో ఒక హోటలు బ్యాండులో చేరి, పాడేవాళ్ల వెనక కూర్చొని, తింటూ మాట్లాడుకునే జనానికి సాయంత్రాలు వాయిస్తూ ఏడెనిమిదేళ్లు గడిపాను. పంతొమ్మిదివందల అరవైల్లో ఒకసారి మద్రాసు నుంచి వచ్చిన రికార్డు కంపెనీ మేనేజరు నన్ను విని, గిటారు ఒక్కటే వినిపించేటట్టు నా పేరు మీద రికార్డు తీస్తానన్నాడు. ఒకవైపు సినిమా వరుస ఉండాలి, రెండోవైపు నా ఇష్టం. నా ఇష్టమంటే ఇంకేముంది, బాపు పాటే. ఆలేరు పోయి చెబితే ఆయన పైకి ఏమీ అనలేదు గాని, మర్నాటికల్లా గ్యాంగు మొత్తానికి తెలిసిపోయింది.

మద్రాసులో రెండూ వాయించాను. బాపు పాటను అంత బాగా అంతకు ముందెన్నడూ వాయించలేదు, తర్వాతా వాయించలేదు. స్టూడియో అద్దం అవతల మేనేజరు గడియారం చూసుకున్నాడు. మా దగ్గర పడి ఉంటుంది, ఇంకొక సినిమా వరుస కూడా వాయించి పొమ్మన్నాడు. అది ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదని ఇన్నేళ్లూ ఇంట్లోవాళ్లకు చెబుతూ వచ్చాను. నిజానికి అప్పుడే అర్థమైంది. కాదంటే ఆ ఒక్క రికార్డు కూడా రాదేమోనని భయపడి వాయించాను.

నాలుగు నెలలకు పోస్టులో వచ్చిన రికార్డు మీద నా పేరు ఉంది, రెండువైపులా సినిమా వరుసలే ఉన్నాయి. దాంతో ఆలేరు పోకూడదనుకున్నాను గాని బాపు రెండుసార్లు కబురు పంపితే పోక తప్పలేదు. స్టేషను పక్క చాయ్ హోటల్లో గ్రామఫోను ఉండేది. డ్యూటీ దిగి, మొహాలు కడుక్కొని, గ్యాంగంతా వచ్చి బెంచీల మీద కూర్చున్నారు. మొదటివైపు అయిపోగానే, ఇక మనది వస్తుందని అందరూ తలగుడ్డలు సర్దుకున్నారు. రికార్డు తిప్పారు. అది కూడా అయిపోయింది.

"మనదేది బిడ్డా?" అన్నాడు బాపు.

"ఇంకోదాంట్ల వస్తది బాపూ."

ఆయన నా మొహం చూసి, హోటలాయన వైపు తిరిగి, "మంచిగనే ఉన్నది, మల్లొకసారి పెట్టు" అన్నాడు. నా పరువు కోసం ఆ రెండు వరుసలూ అందరూ మళ్లీ మొదటి నుంచి విన్నారు.

ఆ తర్వాత బాపు పట్టాల మీద పాట ఎత్తుకోవడం మానేశాడని అమ్మ చెప్పింది. తోటివాళ్లు బతిమాలితే, "రికార్డుకే పనికిరానిది, ఇంకేం పాడుడు" అనేవాడట. చేసేది లేక మేస్త్రీ ఈల వేసి పని నడిపించేవాడట. అది విన్న రోజే బాపు పాట వెయ్యమని కంపెనీకి ఉత్తరం రాశాను, ఇంకో నాలుగు రాశాను. ఆ టేపు మీద వేరేది ఎక్కించేశామని చివరికి ఒక కార్డు వచ్చింది. రికార్డు ఎక్కడా అమ్ముడుపోలేదు, నన్ను మళ్లీ ఎవరూ పిలవలేదు, హోటలువాళ్లు కూడా రికార్డులు వేసే రేడియోగ్రాం కొనుక్కొని బ్యాండును తీసేశారు. ఆ మరుసటి ఏడు ఎండల్లో బాపు పని మీదనే కూలబడి ప్రాణం విడిచాడు. ఆయన జాగాలో నాకు జడ్చర్లలో కొలువు ఇచ్చారు. గిటారు గోడకు వేలాడి వేలాడి చెదలుపట్టింది.

పోయిన ఎండాకాలం ఆలేరులో దిగాను. పట్టాలు జరపడానికి ఇప్పుడు పెద్ద యంత్రం వచ్చింది, నడుములు విరగడం తప్పింది, మంచిదే. దాని చప్పుడులో నిలబడి బాపు పాటను నోట్లోనే అనుకుందామని చూశాను. మొదటి వరుస వచ్చింది. గొంతు వంగే చోటి దాకా పోయి ఆగిపోయింది, అక్కణ్ణుంచి ఎటు పోవాలో తెలియలేదు. ఆ గ్యాంగులో ఒక్కరూ మిగల్లేదు, ఎవర్ని అడగను? పెద్దాయనా, జర పక్కకు జరుగు అని ఒక కుర్రవాడు అరిస్తే జరిగాను.